చల్లని మెరుపు చేయు పని

విశాఖపట్టణమున ఇనుముతో పని గలవారికి ఉప్పుగాలి నిత్యశత్రువు. సింధియా నౌకానిర్మాణ కేంద్రమున 1948 మార్చి 14న పండిత నెహ్రూ ‘జల ఉష’ను జలప్రవేశము చేయించిననాడును, 1992లో శ్రీ పి.వి. నరసింహారావు ఉక్కు కర్మాగారమును జాతికి అంకితము చేసిననాడును ఆ శత్రువు ఇచ్చటనే యున్నది. రేకు ఎంత దళసరిదైనను తుప్పు పైనుండియే ఆరంభమగును. కావుననే తుప్పు గీకి శుభ్రపరచిన పిదపగాని రంగు వేయరు. రంగు నిలుచుటకైనను, ఊడుటకైనను ఉపరితలమే కారణము. ఆ ఉపరితలమును మెరుపుతో మార్చు విద్య యెట్లు పుట్టినదో మేము ఇచ్చట చెప్పదలచితిమి.

ఓడరేకులను అతుకు వెల్డింగు పనివాని చేతి వెలుగు ప్లాస్మాయే. అనగా విద్యుచ్ఛక్తిచే వాయువు ఎలక్ట్రానులుగను, అయానులుగను విడివడిన స్థితి. అది మామూలు గాలి పీడనముననే వెలుగును. కాని వేలకొలది డిగ్రీల ఆ వేడి సున్నితమైన పదార్థములకు పనికిరాదు.

1857లో జర్మనీ దేశీయుడు వెర్నర్ సీమెన్స్ గాజుగొట్టముల నడుమ గాలిని పంపి, దిక్కు మారు విద్యుత్తును ప్రయోగించి ఓజోనును తయారుచేసెను. గాజు అడ్డుండుటచే ప్రతి మెరుపును ముదిరి మంట కాకముందే ఆరిపోవును. ఎలక్ట్రానులు మాత్రమే వేడెక్కును. వాయువు చల్లగనే యుండును. 1928లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్మ్యూర్ ఇట్టి స్థితికి ‘ప్లాస్మా’ యని పేరిడెను. మన యిండ్లలో చిరకాలము వెలిగిన ట్యూబులైటు వలె నిలుకడైన వెలుగు కావలెనన్న, అంతవరకు గాలి తోడివేసిన గొట్టమే శరణ్యము. 1988లో జపానున ఒకజాకి బృందము హీలియము వాయువుతో, గాలి పీడనముననే అట్టి వెలుగును సాధించెను.

1991లో అదే దేశమున సుమియో ఇయిజిమా కర్బనపు అతిసూక్ష్మ గొట్టములను వర్ణించెను. మిల్లీమీటరులో పదిలక్షవ వంతు నానోమీటరు. ఈ గొట్టముల మందము అట్టివి కొన్ని మాత్రమే. ఇంత చిన్న వస్తువునందు పరమాణువులలో పెద్దభాగము ఉపరితలముననే యుండును. అందుచే అవి ఒకదానినొకటి అంటుకొని ఉండలు కట్టును. నీటిలో సరిగా కలియవు. చల్లని ప్లాస్మా వానిపై ఆమ్లజనిని నాటగా అవి విడివడి కలియును. ఘాటైన ఆమ్లములలో మరగబెట్టుటయు, శూన్యపాత్రయు అక్కరలేదు. మోతాదు మించినచో గొట్టముల గోడలే చెడునన్న జాగ్రత్త మాత్రము అవసరము.

ఇతర సూక్ష్మరేణువులకును ఇదే మార్గము. తగిన రేణువులు రంగులో సమముగా పరచుకొన్నచో, ఉప్పునీరు ఉక్కును చేరుటకు చుట్టుదారి పట్టవలసివచ్చును. ఉండలు కట్టినచో అచ్చటనే పూత బలహీనమగును. పైభాగము సిద్ధపరచినగాని రంగు నిలువదని మన రేవు పనివారెరిగిన సూత్రమే ఇచ్చటను వర్తించును. సిద్ధపరచవలసిన ఆ పైభాగము మాత్రము కంటికి కానరానంత చిన్నది.