బ్లెండర్ తెర మీద బొమ్మ చెదిరితే: కొన్ని మాటలకు వ్యాఖ్యానం

బ్లెండర్‌లో సీన్ తెరవగానే ఒక గోడ మిణుకుమంటుంది. ఇంకోసారి పాత్ర ముఖం మీద నల్లమచ్చలు పడతాయి. మరోసారి వస్తువులన్నీ గులాబీ రంగుకి తిరుగుతాయి. చాలామంది వెంటనే ప్రోగ్రామ్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు, అదీ పనిచేయకపోతే విండోస్‌నే కొత్తగా వేయించుకుంటారు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం ఇదే. లోపం మనం చేసిన ఫైల్లో ఉండొచ్చు, బ్లెండర్‌లో ఉండొచ్చు, బ్లెండర్ చెప్పింది గ్రాఫిక్స్ కార్డుకి చేరవేసే డ్రైవర్‌లో ఉండొచ్చు. ఎక్కడుందో తేలేదాకా దేన్నీ మార్చకూడదని నా గట్టి నమ్మకం. తేల్చుకోవడానికి అక్కరకొచ్చే మాటలివి.

వ్యూపోర్ట్, రెండర్: పనిచేస్తున్నప్పుడు కనబడే వ్యూపోర్ట్‌ను మామూలుగా గ్రాఫిక్స్ కార్డే గీస్తుంది. చివరి బొమ్మను గీసే రెండర్ ఇంజిన్లలో ఒకటైన సైకిల్స్‌ని మాత్రం కార్డు జోలికి పోకుండా సీపీయూ మీదే నడిపించొచ్చు. మొదటి పరీక్ష ఇక్కడే దొరుకుతుంది. చెదిరిన ఫ్రేమును సైకిల్స్‌లో, సీపీయూ మీద రెండర్ చేసి చూడండి. మచ్చ అక్కడా వస్తే కార్డుని అనుమానించనక్కర్లేదు, ఫైల్ చూసుకోవాలి. పోతే చూపు కార్డు, డ్రైవర్ల వైపు తిప్పాలి (ఒక మినహాయింపు ఉంది, కింద చెబుతాను). బ్లెండర్‌లోని మరో రెండర్ ఇంజిన్ ఈవీ వాడి ఈ పరీక్ష చేస్తే ఏమీ తేలదు, ఎందుకంటే 2019లో బ్లెండర్ 2.80తో వచ్చిన ఈవీ చివరి బొమ్మను కూడా కార్డుతోనే గీస్తుంది. 2025లో ఆస్కార్ గెలిచిన ‘ఫ్లో’ యానిమేషన్ సినిమా ఈవీలోనే రెండర్ అయింది. కాబట్టి ‘వ్యూపోర్ట్‌లోనే కదా, పోనీలే’ అని వదిలేస్తే ఈవీ వాడేవాళ్ల సినిమాలోకే ఆ లోపం ఎక్కుతుంది.

జడ్-ఫైటింగ్: రెండు తలాలు దాదాపు ఒకేచోట ఉన్నప్పుడు, కెమెరా కదిలితే చాలు, ఒకదాంట్లోంచి ఇంకొకటి చారలుగా తొంగిచూడటం. చూసినవాళ్లు కార్డు పాడైందనుకుని భయపడతారు. కార్డుకేమీ కాలేదు. పైన చెప్పిన మినహాయింపు ఇదే: సైకిల్స్‌లో మాయమైనా ఇది డ్రైవర్ తప్పు కాదు, లోతు కొలతలో ఉన్న పరిమితి.

ప్రతి పిక్సెల్ ఎంత లోతులో ఉందో కార్డు అంకెగా దాచుకుంటుంది. 24 బిట్ల లెక్కలో ఆ లోతుకి 1,67,77,216 మెట్లు. వినడానికి చాలా ఎక్కువే, కానీ అవి దూరం పొడవునా సమానంగా పరచుకోవు. వ్యూపోర్ట్‌లో క్లిప్ స్టార్ట్ 0.01 మీటరు, ఎండ్ 1000 మీటర్లు (గీయడం మొదలయ్యే, ఆగే దూరాలు) ఉన్నాయనుకోండి. సగం మెట్లు కంటికి ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల దూరంలోనే, ఎవరూ ఏ వస్తువూ పెట్టని చోటే, ఖర్చయిపోతాయి. వంద మీటర్ల దూరానికి వెళ్లేసరికి ఒక్కో మెట్టు దాదాపు 6 సెంటీమీటర్లు. అక్కడి గోడకి రెండు సెంటీమీటర్ల ముందు అతికించిన పోస్టరూ, గోడా ఒకే మెట్టులో పడొచ్చు. ఏది ముందో కార్డుకి తెలియదు.

మందు తేలిక: క్లిప్ స్టార్ట్‌ను 0.1కి పెంచితే అదే చోట మెట్టు 6 మిల్లీమీటర్లకి దిగుతుంది. చాలామంది ఎండ్‌ను తగ్గించి ఫలితం లేదని విసుగెత్తిపోతారు. దానివల్ల ఒరిగేది చాలా తక్కువ, మార్చాల్సింది స్టార్ట్. వ్యూపోర్ట్‌కి ఒక క్లిప్, కెమెరాకి వేరే క్లిప్ ఉంటాయి, రెండూ చూడాలి. రెండు ఫేస్‌లు (తలాలు) అచ్చంగా ఒకదానిమీద ఒకటి కూర్చుంటే మాత్రం ఏ అంకె మార్చినా లాభం లేదు. ఒకదాన్ని తీసేయాలి, లేదా కాస్త జరపాలి.

నార్మల్స్: ఫేస్ ఏ వైపు చూస్తోందో చెప్పే దిశ. తిరగబడితే నల్లమచ్చలు, చిల్లులు పడినట్టు కనిపిస్తుంది. ఓవర్లేలలో ఫేస్ ఓరియెంటేషన్ పెడితే తిరగబడ్డవి ఎర్రగా బయటపడతాయి. ఎడిట్ మోడ్‌లో అన్నీ సెలెక్ట్ చేసి షిఫ్ట్, ఎన్ నొక్కితే చాలావరకు సర్దుకుంటాయి.

గులాబీ రంగు: టెక్స్చర్ ఫైల్ దొరకలేదని బ్లెండర్ చెప్పే తీరు. విండోస్ సిస్టమ్‌లో చేసిన సీన్‌ని లినక్స్ సిస్టమ్‌లో తెరిచినప్పుడు ఇది తరచూ ఎదురవుతుంది. విండోస్‌లోని ‘సీ’ డ్రైవ్ దారి లినక్స్‌లో ఉండదు. పైగా మామూలుగా లినక్స్ పెద్దబడి, చిన్నబడి అక్షరాలను వేరువేరుగా చూస్తుంది, విండోస్ చూడదు. ఫైల్ మెనూలోని ఎక్స్‌టర్నల్ డేటాకి వెళ్లి దారులన్నీ రిలేటివ్ చేయండి, లేదా టెక్స్చర్లను ఫైల్లోనే ప్యాక్ చేసి పంపండి. దీనికి డ్రైవర్ మార్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఓపెన్‌జీఎల్, మెటల్, వల్కన్: ఒకే ఫైల్ మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లలో మూడు రకాలుగా ఎందుకు ప్రవర్తిస్తుందో ఇక్కడ తెలుస్తుంది. కార్డుతో మాట్లాడే పద్ధతులివి. ఓపెన్‌జీఎల్ 1992లో సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ నుంచి వచ్చింది. ఆపిల్ తన మ్యాక్‌లలో దాన్ని 4.1 దగ్గరే ఆపేసి, 2018లో మొజావేతో ఇక వాడొద్దని ప్రకటించింది. 2023లో బ్లెండర్ 3.5 వ్యూపోర్ట్‌కి మెటల్ వచ్చింది, 4.0 నుంచి మ్యాక్‌లో మెటల్ ఒక్కటే. అదే 4.0, విండోస్, లినక్స్‌లలో కనీసం ఓపెన్‌జీఎల్ 4.3 అడుగుతుంది. పాత కార్డు మీద తెరుచుకోకపోతే అది లోపం కాదు, 3.6 వాడుకోవచ్చు. 4.5 నుంచి విండోస్, లినక్స్‌లలో ప్రిఫరెన్సెస్‌లోని సిస్టమ్ విభాగంలో వల్కన్‌కి మారొచ్చు. మారి, బ్లెండర్ మూసి తెరిచాక చెదరడం ఆగితే, మీ ఫైల్‌కి ఏ దోషమూ లేనట్టే.

డ్రైవర్: మ్యాక్‌లో ఇది మ్యాక్‌ఓఎస్‌తోనే వస్తుంది, విడిగా వేసేదేమీ లేదు. లినక్స్‌లో ఏఎండీ, ఇంటెల్ కార్డులకి మెసా అనే డ్రైవర్ల కట్ట ఉంటుంది. ఎన్విడియా తన డ్రైవర్‌ని తాను ఇస్తుంది. విండోస్‌లో అప్‌డేట్‌తో పాటు డ్రైవర్ మారిపోవచ్చు, అందుకే నిన్నటిదాకా బాగున్నది ఇవాళ చెదిరితే ముందు డ్రైవర్ మారిన తేదీ చూడాలి. కార్డు తయారుచేసినవాళ్ల దగ్గరి కొత్త డ్రైవర్ వేయడం మొదటి మందు. కొత్తదే తెచ్చిన తంటా అయితే పాతదానికి వెనక్కి వెళ్లడం తప్పేమీ కాదు.

రెండు కార్డులు: చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌తో కలిసొచ్చేది ఒకటి, విడి కార్డు ఒకటి ఉంటాయి. బ్లెండర్ దేనిమీద నడుస్తోందో హెల్ప్ మెనూ నుంచి సిస్టమ్ సమాచారం సేవ్ చేసుకుంటే తెలుస్తుంది. లినక్స్‌లో అక్కడ ‘ఎల్ఎల్‌వీఎంపైప్’ అని కనిపిస్తే కార్డు పనిచేయట్లేదు, సీపీయూనే అంతా గీస్తోంది.

టీడీఆర్: కార్డు రెండు సెకన్లలో జవాబివ్వకపోతే విండోస్ దాని డ్రైవర్‌ని మళ్లీ మొదలుపెట్టడం. తెర నల్లబడి తిరిగొస్తుంది, బ్లెండర్ పోతుంది. రిజిస్ట్రీలో ఆ గడువు పెంచమని చాలామంది చెబుతారు. ముందు టెక్స్చర్ల సైజు, సబ్‌డివిజన్ తగ్గించి చూడండి.

ఫ్యాక్టరీ సెట్టింగ్స్: బ్లెండర్‌ని మన మార్పులేవీ లేకుండా, మొదట వచ్చినట్టే తెరవడం. యాడ్-ఆన్‌ల ప్రమేయం ఉందేమో తేల్చేది ఇది. దీంతోనూ పోకపోతే, విండోస్‌లో బ్లెండర్ ఫోల్డర్‌లోనే గ్లిచ్ వర్కరౌండ్ పేరుతో ఒక కమాండ్ ఫైల్ ఉంటుంది. దాన్ని నడిపితే కార్డుకి సంబంధించిన కొన్ని దారులను బ్లెండర్ పక్కనపెట్టి వేరే దారిలో గీస్తుంది. అప్పుడు బాగుపడితే, హెల్ప్‌లోని రిపోర్ట్ ఎ బగ్ నుంచి డెవలపర్లకి ఆ సంగతి రాయండి. కార్డు, డ్రైవర్ వివరాలు దానంతటవే నిండుతాయి. సీన్‌లో అక్కర్లేనివన్నీ తీసేసి, లోపం ఇంకా కనిపించే అతి చిన్న ఫైల్‌ని జతచేయండి.