సిలికాన్ వ్యాలీ బావులు

1910ల నుంచి 1960ల చివరిదాకా కాలిఫోర్నియాలోని శానోజే నగరం నడిబొడ్డున నేల దాదాపు 13 అడుగులు కుంగింది. భూకంపాల సీమ కదా అని నేరం వాటి మీదకు తోయడానికి లేదు. కుంగింది బోర్ల వల్ల. నగరం ఉన్న శాంటాక్లారా లోయ నిండా అప్పట్లో ప్లమ్, ఆప్రికాట్, చెర్రీ తోటలు. తోటలకూ ఊళ్లకూ తోడినంత నీరు వానల్లో తిరిగి చేరేది కాదు. నీటి ఒత్తిడి తగ్గిన బంకమట్టి పొరలు అణిగాయి, వాటితో పాటే ఊరూ దిగింది. అఖాతం ఒడ్డున ఉన్న ఆల్విసో సముద్రమట్టం కన్నా కిందికి పోయింది. బయటి నీళ్లు తెచ్చుకున్నాకే కుంగడం ఆగింది.

తోటలు పోయి చిప్‌లు వచ్చిన ఆ లోయే ఇవాళ మన పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న సిలికాన్ వ్యాలీ. ఇంటర్నెట్ స్వేచ్ఛ గురించి ప్రపంచం విన్న పెద్ద మాటలు చాలావరకు ఆ చుట్టుపక్కల పుట్టినవే. ఆ మాటల చరిత్ర ఎందరో రాశారు. నీళ్ల చరిత్రను పక్కన పెట్టుకుని చదివినవాళ్లు తక్కువ.

1956లో విలియం షాక్లీ ఆ లోయలోని మౌంటెన్‌వ్యూలో సెమీకండక్టర్ ప్రయోగశాల పెట్టాడు. మరుసటి ఏడాదే ఎనిమిది మంది ఆయనతో పొసగక బయటికొచ్చి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ మొదలుపెట్టారు. 1971లో డాన్ హోఫ్లర్ అనే విలేకరి రాసిన వ్యాసాలతో సిలికాన్ వ్యాలీ పేరు అచ్చులోకి ఎక్కింది. నగర పెద్దలకు ఈ పరిశ్రమ తెగ నచ్చింది. పొగగొట్టం లేదు, మసి లేదు, ముందు పచ్చిక, వెనక కార్ల పార్కింగ్.

కానీ చిప్ తయారీలో కడగడం పెద్ద పని. సిలికాన్ పలక మీద పొర వేయాలి, ఆమ్లంతో చెక్కాలి, సాల్వెంట్ అనే ద్రావకంతో కడగాలి, మళ్లీ పొర వేయాలి. వాడేసిన సాల్వెంట్ భూమిలో పాతిన ట్యాంకుల్లోకి పోయేది. కంటికి కనపడదు కాబట్టి బాగానే ఉండేది. కారుతుందో లేదో కూడా కనపడదు మరి.

1981 చివర్లో దక్షిణ శానోజేలోని ఫెయిర్‌చైల్డ్ ప్లాంటులో అలాంటి ట్యాంకు ఒకటి కారుతోందని తేలింది. అప్పటికే దాదాపు 60 వేల గ్యాలన్ల సాల్వెంట్ నేలలోకి ఇంకిపోయింది. రెండు వేల అడుగుల దూరంలో ఊరికి నీళ్లిచ్చే బావి ఉంది. అందులో ట్రైక్లోరోఈథేన్ అనే సాల్వెంట్ బయటపడింది. బావి మూసేశారు. ఆ నీళ్లు తాగిన లాస్ పాసియోస్ కాలనీవాళ్లకు మాత్రం సంగతి 1982 జనవరిలో పత్రికలో చదివేదాకా తెలియదు. పుట్టుకతోనే గుండె లోపం ఉన్న పాపను పెంచుతున్న ఓ తల్లి, ఇరుగుపొరుగు ఇళ్లలో ఎవరికేమైందో తానే ఆరా తీసి లెక్క రాసుకుంది. 1985లో రాష్ట్ర ఆరోగ్య శాఖ అధ్యయనం కూడా అక్కడ గర్భస్రావాలు, శిశువుల్లో పుట్టుక లోపాలు ఎక్కువగానే ఉన్నాయని తేల్చింది. కారణం ఆ రసాయనమేనని మాత్రం నిర్ధారించలేకపోయింది.

ఆ తర్వాత తవ్వినచోటల్లా ఇదే కథ. అమెరికా ప్రభుత్వం తప్పనిసరిగా శుద్ధి చేయించాల్సిన స్థలాల పట్టికలో శాంటాక్లారా కౌంటీవే 23 చేరాయి. దేశంలో మరే కౌంటీకీ అన్ని లేవు. మౌంటెన్‌వ్యూలో పాత చిప్ ఫ్యాక్టరీల ట్రైక్లోరోఎథిలీన్ ఆవిరి 2012-13 శీతాకాలంలో గూగుల్ కార్యాలయ భవనాల్లోకి చేరింది. ఫ్యాక్టరీలు మూతపడి ఎన్నేళ్లయినా నేల మరచిపోలేదు.

1982లో టెడ్ స్మిత్ మొదలుపెట్టిన సిలికాన్ వ్యాలీ టాక్సిక్స్ కొయలిషన్ అడిగింది ఒకటే: మా ఇంటి పక్కన ఏ రసాయనం ఎంత ఉందో మాకు చెప్పండి. ఆ హక్కు దేశమంతటికీ చట్టంగా వచ్చింది 1986లో. అందుకు ప్రధాన కారణం మన భోపాల్. 1984లో అక్కడ విషవాయువుకు పోయిన ప్రాణాలు అమెరికన్లకు తెలుసుకునే హక్కు సంపాదించిపెట్టాయి.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే మరో స్వేచ్ఛ గురించి చర్చ నడుస్తోంది. 1984లో హ్యాకర్ల సమావేశంలో స్టీవర్ట్ బ్రాండ్, సమాచారం ఓ పక్క ఖరీదు కోరుకుంటుందనీ మరో పక్క స్వేచ్ఛ కోరుకుంటుందనీ అన్నాడు. జనం రెండో సగమే గుర్తుపెట్టుకున్నారు. ఆ సగానికి గట్టి అభిమాని జాన్ పెరీ బార్లో. వయోమింగ్‌లో పశువుల రైతు, గ్రేట్‌ఫుల్ డెడ్ బృందానికి పాటలు రాసినవాడు. 1990లో మిచ్ కాపర్, జాన్ గిల్మోర్‌లతో కలిసి ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ స్థాపించాడు. 1996 ఫిబ్రవరి 8న దావోస్ నుంచి సైబర్‌స్పేస్ స్వాతంత్ర్య ప్రకటన విడుదల చేశాడు. ప్రభుత్వాలకు మా లోకంలో పని లేదు, ఇక్కడ భౌతిక పదార్థమే లేదు అన్నది దాని సారం. ఆ రోజే అమెరికా అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన చట్టంలో, నెట్‌లో ‘అసభ్య’ రాతలను నేరంగా చూసే నిబంధనలున్నాయి. 1997లో అమెరికా సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. ఇవాళ నెట్‌లో నోరు విప్పగలుగుతున్నామంటే అందులో బార్లో వంటివాళ్ల పట్టుదల ఉంది, కాదనలేం. కానీ వయోమింగ్ పర్యావరణ సంఘానికి అధ్యక్షుడిగా కూడా పనిచేసిన మనిషి, సర్వర్లు నేల మీదే ఉంటాయనీ నీళ్లు తాగుతాయనీ మరచిపోవడమే విడ్డూరం.

ఆ దాహం ఎంతో ఆరెగన్ రాష్ట్రంలోని ద డాల్స్ అనే చిన్న ఊళ్లో తెలిసింది. కొలంబియా నది ఒడ్డున గూగుల్ 2006లో అక్కడ డేటా సెంటర్ నడపడం మొదలుపెట్టింది. అది ఎన్ని నీళ్లు వాడుతోందో చెప్పమని ఒక దినపత్రిక అడిగితే, అది వ్యాపార రహస్యమంటూ నగరపాలక సంస్థే కోర్టుకెక్కింది. నగరం తరఫు లాయర్ల ఖర్చు గూగుల్ భరించింది. ఏడాదికి పైగా నలిగి, 2022 డిసెంబరులో రాజీ కుదిరాక అంకె బయటికొచ్చింది: 2021లో 35.5 కోట్ల గ్యాలన్లు, ఊరు వాడిన నీటిలో నాలుగో వంతుకు మించి. లోకంలోని సమాచారాన్నంతా అందరికీ అందిస్తామన్న కంపెనీ లెక్క అది.

2025 అక్టోబరు 14న అదే కంపెనీ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో గిగావాట్ స్థాయి డేటా కేంద్రం ప్రకటించింది. ఒక గిగావాట్ పూర్తిగా వాడితే రోజుకు 2.4 కోట్ల యూనిట్ల కరెంటు. ఇక నీళ్లకు ఏలేరు కాలువ, రైవాడ, తాటిపూడి జలాశయాల మీద ఆధారపడ్డ నగరం అది. ఉద్యోగాలు వద్దనేవాళ్లు ఎవరూ ఉండరు. కాకపోతే మన సమాచార హక్కు చట్టంలోనూ సెక్షన్ 8(1)(డి) ఉంది: వ్యాపార రహస్యమైతే, విస్తృత ప్రజాప్రయోజనం ఉందని అధికారి ఒప్పుకుంటే తప్ప చెప్పనక్కర్లేదు. అందుకే విశాఖవాసులు, వాళ్ల ప్రజాప్రతినిధులు ఇప్పుడే పట్టుబట్టాలి: నెలనెలా ఎన్ని లీటర్లు, ఎన్ని యూనిట్లు వాడారో బయట పెట్టాలన్న షరతు ఒప్పందంలోనే రాయించండి.