ఆక్స్‌ఫామ్ హైతీ ఉదంతం

హైతీ భూకంప సహాయక చర్యల్లో ఉన్న ఆక్స్‌ఫామ్ ఉద్యోగులు కొందరు లైంగిక దుష్ప్రవర్తనకు పాల్పడటం, బ్రిటన్‌కు చెందిన ఆ సేవాసంస్థ 2011లో అసలు సంగతి పైకి పొక్కకుండా చూడటం, 2018లో అది బయటపడటం ఈ ఉదంతంలోని ప్రధాన ఘట్టాలు.

నేపథ్యం

రెండో ప్రపంచ యుద్ధకాలంలో కరవుతో అల్లాడుతున్న గ్రీసును ఆదుకోవాలని 1942లో ఆక్స్‌ఫర్డ్‌లో ఏర్పడిన కమిటీయే ఆక్స్‌ఫామ్. 2010 జనవరి 12న హైతీలో 7.0 తీవ్రతతో వచ్చిన భూకంపంలో లక్షకు పైగా జనం చనిపోయారు. తిండి, నీళ్లు, గుడారాలు పంచేవాళ్ల మీదే ఫిర్యాదు చేయాలంటే బాధితులు జంకుతారు. సంస్థలో గట్టి నిఘా లేకపోతే ఆ భయమే తప్పుచేసినవారికి రక్షణ అవుతుంది.

2011 విచారణ

సంస్థ అద్దెకు తీసుకున్న ఇంటికే సెక్స్ వర్కర్లను రప్పించుకున్నారన్న ఆరోపణలపై అంతర్గత విచారణ జరిగింది. నలుగురిని తొలగించారు. హైతీ కార్యాలయ అధిపతితో సహా ముగ్గురిని రాజీనామా చేసి వెళ్లనిచ్చారు. బయటికిచ్చిన ప్రకటనలో దుష్ప్రవర్తన అన్నారే గానీ, అది లైంగికమైనదని చెప్పలేదు. ఆ అధిపతి తర్వాత బంగ్లాదేశ్‌లో మరో సహాయ సంస్థలో చేరారు. ఆయన గురించి ఆ సంస్థకు ఆక్స్‌ఫామ్ నుంచి హెచ్చరిక అందలేదు.

వెల్లడి, పర్యవసానాలు

2018 ఫిబ్రవరిలో 'ద టైమ్స్' పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. డిప్యూటీ చీఫ్ ఎగ్జిక్యూటివ్ పెనీ లారెన్స్ రాజీనామా చేశారు. కొద్ది రోజుల్లోనే వేలాదిమంది నెలవారీ చందాలు ఆపేశారు. ఆక్స్‌ఫామ్ హైతీకి క్షమాపణ చెప్పి, పేర్లు చెరిపి 2011 నివేదికను ప్రచురించింది. అయినా జూన్‌లో హైతీ ప్రభుత్వం తమ దేశంలో పనిచేసేందుకు ఆక్స్‌ఫామ్ బ్రిటన్ విభాగానికి ఉన్న అనుమతిని రద్దు చేసింది. బ్రిటన్‌లో సేవాసంస్థలను నియంత్రించే చారిటీ కమిషన్ 2019 జూన్‌లో విచారణ నివేదిక వెలువరించి, సంస్థకు అధికారిక హెచ్చరిక జారీచేసింది. 2011లో ఆక్స్‌ఫామ్ తనకు విషయాన్ని పూర్తిగా, దాపరికం లేకుండా చెప్పలేదని తేల్చింది.

నివారణ చర్యలు

ఒకచోట తప్పుచేసినవారు మరోచోట చేరకుండా సహాయ సంస్థలు 2019లో ఒక ఉమ్మడి పథకం తెచ్చాయి. దాని ప్రకారం, ఉద్యోగమిచ్చే సంస్థ ఆ అభ్యర్థి గత ఐదేళ్లలో పనిచేసిన సంస్థలన్నిటినీ లైంగిక దుష్ప్రవర్తన రికార్డు గురించి అడగాలి. అడిగినప్పుడు పాత సంస్థ చెప్పి తీరాలి. ఉద్యోగులు, బాధితులు నిర్భయంగా ఫిర్యాదు చేసే మార్గం, పై అధికారులతో సంబంధం లేని విచారణ, నియంత్రణ సంస్థకు వెంటనే పూర్తి సమాచారం ఇవ్వడం కూడా తప్పనిసరి జాగ్రత్తలే. 2011లో నిందితులు సంస్థను విడిచి వెళ్లారు. ఆక్స్‌ఫామ్ పరువు తీసింది మాత్రం ఆనాడు చెప్పకుండా దాచిన సంగతే.