సీసాలో కాక్‌టెయిల్, ప్యాకెట్లో సారా

మొన్న శనివారం మూడు కుటుంబాల వాళ్లం కలిసి టాల్కట్ కొండ ఎక్కాం. మేముండే హార్ట్‌ఫర్డ్‌కి దగ్గరే. కొండ మీద హ్యూబ్లైన్ టవర్ అని 165 అడుగుల కట్టడం ఉంది. గిల్బర్ట్ హ్యూబ్లైన్ అనే వ్యాపారి వేసవి విడిదిగా 1914లో కట్టించుకున్నాడు. పిల్లలు పైకెక్కి ఫోటోలు దిగారు. సాయంత్రం స్నేహితురాలి ఇంటి పెరట్లో భోజనాలు. పులిహోర, పెరుగన్నం, మగవాళ్లు కాల్చిన చికెన్.

అప్పుడు తను ఐసు పెట్టెలోంచి ఒక చిన్న సీసా తీసి నా చేతిలో పెట్టింది. "ఒక్క గుక్క చూడక్కా, నిమ్మరసంలానే ఉంటుంది" అంది. మార్గరీటా అట. కిరాణా షాపులో బీర్ల పక్కనే అమ్ముతారట, చవకట. నలభై దాటిన నేను అంతవరకూ మందు ముట్టలేదు. ఆ రోజు తాగాను. నిమ్మ సోడాలో చక్కెర ఎక్కువైతే ఎలా ఉంటుందో అలా ఉంది, చివర్లో కాస్త చేదు. అబద్ధం ఎందుకు, బాగుంది. సగం సీసా అయిపోయాక గానీ నేను తాగుతున్నది మందు అని గుర్తు రాలేదు.

కారులో వస్తుంటే మా అమ్మాయి అడిగింది, "అమ్మమ్మకి చెబుతావా?" అని. దానికి పంతొమ్మిదేళ్లు. ఈ దేశంలో 21 నిండితేగాని తాగకూడదు. నేను జవాబు చెప్పలేదు. ఇంటికొచ్చి ఆ సీసా పుట్టుపూర్వోత్తరాలు చదువుతూ కూర్చున్నాను.

కాక్‌టెయిల్ అంటే ఏమిటో 1806లోనే న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ ఊరి పత్రిక ఒకటి వివరించింది. సారాయి, చక్కెర, నీళ్లు, చేదు మూలికల ద్రావకం కలిపితే కాక్‌టెయిల్. 1862లో జెర్రీ థామస్ అనే ఆయన రాసిన పుస్తకంలో దాన్ని సీసాకెత్తి ఉంచుకునే పద్ధతి కూడా ఉంది. దాన్ని పెద్ద వ్యాపారం చేసింది మాత్రం మా ఊరివాళ్లే, మేమెక్కిన ఆ టవర్ తాలూకు హ్యూబ్లైన్ సోదరులే!

ఆ కంపెనీ చెప్పుకునే కథ ఇది. 1892లో గవర్నరు గారి సైనిక దళం విహారానికి వెళ్తూ, ముందే కలిపిన కాక్‌టెయిళ్లు కావాలని వీళ్లకి పురమాయించింది. వానొచ్చి విహారం ఆగిపోయింది. కలిపినవి అలాగే ఉండిపోయాయి. కొన్నాళ్లకి పారబొయ్యబోతూ రుచి చూస్తే చెడిపోలేదు. ఇంకేం, సీసాల్లో నింపి అమ్మకానికి పెట్టారు. పడవ షికార్లకి, పిక్నిక్‌లకి, ఇంట్లో విందులకి ఇవే తీసుకెళ్లమని ప్రకటనలు వేశారు. అప్పట్లో అమెరికా సెలూన్లు మగవాళ్ల చోట్లు. మర్యాదస్తుల ఇంటి ఆడవాళ్లు ఆ గడప తొక్కేవారు కాదు. సీసా వచ్చాక మందే ఇంటి గడప దాటి లోపలికొచ్చింది.

అదే కాలంలో ఇంకో కథ నడిచింది. 1873 డిసెంబరులో ఒహాయోలోని హిల్స్‌బరోలో ఆడవాళ్లు గుంపుగా వెళ్లి సెలూన్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, షాపు మూసెయ్యమని ప్రార్థనలు చేశారు. మరుసటి ఏడాదికల్లా అది దేశమంతా మహిళా సంఘమైంది. చివరికి 1920లో మద్యనిషేధం వచ్చి 1933 దాకా ఉంది. ఆ పదమూడేళ్లూ హ్యూబ్లైన్ కంపెనీ ఒక మాంసం సాసు అమ్ముకుని బతికింది.

ఇక నా చేతిలోకి వచ్చిన రకం సీసా ఈమధ్యది. 1980లలో ద్రాక్షసారాలో పళ్లరసం, సోడా కలిపిన తియ్యటి కూలర్లు తెగ అమ్ముడయ్యాయి. 1991లో ద్రాక్షసారా మీద పన్ను గాలనుకి 17 సెంట్ల నుంచి ఒక డాలరు 7 సెంట్లకి పెరిగింది. కంపెనీలు ద్రాక్షసారా మానేసి, బీరులా మాల్టుతో చెయ్యడం మొదలుపెట్టాయి. అందుకే చవక మార్గరీటాల్లో చాలావాటిలో టెకీలా చుక్క కూడా ఉండదు. పేరు కాక్‌టెయిల్‌ది, పుట్టుక బీరుది. మీరెవరైనా తాగితే లేబుల్ మీద శాతం చూడండి. 355 మిల్లీలీటర్లలో 5 శాతం ఉంటే అది ఇక్కడి లెక్కలో ఒక డ్రింకు. అదే సీసాలో 8 శాతం ఉంటే ఒకటిన్నర దాటుతుంది. తీపి ఆ తేడా తెలియనివ్వదు.

ఇది చదువుతుంటే మా ఊరే కళ్ల ముందు మెదిలింది. మాది నెల్లూరు జిల్లా. 1980లలో ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరుతో సారాని ప్యాకెట్లలో పోసి ఊరూరికీ పంపింది. బి.ఏ.లో పాలసముద్రంలో పుట్టిన వారుణి గురించి చదువుకున్నప్పుడు నాకు ఆ ప్యాకెట్లే గుర్తొచ్చేవి. అంతకుముందు తాగాలంటే దుకాణం దాకా నడవాలి. ప్యాకెట్టు వచ్చాక అది జేబులో, పొలం గట్టున, ఇంట్లో చూరు కింద. మా నాన్న కూలి డబ్బులు అట్లాగే కరిగిపోయాయి.

1992లో దూబగుంట రోశమ్మ, ఆమెతోపాటు అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ కబురు పక్క ఊళ్లకి పాకింది. మా అమ్మ కూడా చీపురు పట్టుకుని వెళ్లింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోది 1997లో ఎత్తేశారు.

హ్యూబ్లైన్ సీసా, మా ఊరి ప్యాకెట్టు చేసిన పని ఒకటే. మందుని ఇంట్లోకి తెచ్చాయి. కానీ ఆ పెరట్లో నేను కావాలనుకుని తాగాను, చాలనుకుని ఆపాను. మా అమ్మకి ఆ రెండూ లేవు. ఆమె కష్టాన్ని ఇంకొకరు తాగేశారు.

ఆదివారం ఫోన్ చేసి చెప్పేశాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "డబ్బులెవరివే?" అంది.

"వాళ్లే ఇచ్చారమ్మా."

"మాయన తాగతన్నాడా?" అని ఒక క్షణం తడబడి, "మీ ఆయన?" అని దిద్దుకుంది.

"లేదమ్మా."

"సరే. తాగితే తాగావు. ఇంట్లోకి మటుకు తేబాక" అంది.

పక్కనే కూర్చుని మా అమ్మాయి అంతా వింది. వాళ్ల తాతయ్య సంగతి దానికి ఆ రోజే మొదటిసారి చెప్పాను. స్నేహితురాలు కట్టిచ్చిన రెండు సీసాలు సోమవారం తిరిగిచ్చేశాను.