ఓరుగల్లు నేల నుంచి సముద్రం దాకా

ఓరుగల్లుకు సముద్రం లేదు. అయినా అక్కడి నుంచి ఏలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పట్టుకునేవారు. ఆయన ఆ పద్ధతి మాన్పించి, సుంకం తప్ప మరేమీ ముట్టబోమని రాతి మీద మాటిచ్చాడు.

తెలంగాణకు సముద్రంతో ఉన్న ఆ పాత చుట్టరికాన్ని ఏడు శతాబ్దాల తర్వాత మళ్లీ కలిపినవాడు మన నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి రామదాస్ కటారి. 1911 అక్టోబరు 8న చెంగల్పట్టులో పుట్టినా, చదువుకున్నది సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీ హైస్కూల్లో. 1927లో 'డఫరిన్' శిక్షణ నౌక మొదటి బ్యాచ్‌లో చేరి, వైస్రాయ్ బంగారు పతకంతో బయటికొచ్చాడు.

తర్వాత కలకత్తాలో హుగ్లీ నది సర్వే. హుగ్లీలో ఇసుక మేటలు ఒకచోట నిలవవు. నిన్న ఓడ వెళ్లిన దారి రేపు ఉండకపోవచ్చు. పడవలోంచి తాడుకు కట్టిన సీసపు గుండు దించడం, లోతు కొలవడం, పటంలో గుర్తు పెట్టడం, మళ్లీ దించడం: నాటి సర్వే పని ఇదే. కటారికి ఓపిక నేర్పిన బడి అదేనని నా నమ్మకం.

రెండో ప్రపంచ యుద్ధం ఆయన్ను నౌకాదళంలోకి తెచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక సైన్యానికి 1949లో, వైమానిక దళానికి 1954లో భారతీయ అధిపతులు వచ్చారు. నౌకాదళం మాత్రం ఇంకా ఆగాల్సి వచ్చింది. మనవాళ్లను అధికారులుగా చేర్చుకున్నదే ఆలస్యంగా. పెద్ద నౌకలనూ దళాలనూ నడిపిన అనుభవం ఒక్కరోజులో రాదు. చివరికి 1958 ఏప్రిల్ 22న బ్రిటిష్ అధికారి కార్లిల్ చేతుల్లోంచి కటారి పగ్గాలు అందుకున్నాడు. అప్పటికి ఆయనకు 46 ఏళ్లు.

ఆయన హయాంలోనే మన తొలి విమాన వాహక నౌక విక్రాంత్ 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో నౌకాదళంలో చేరింది. ఆ డిసెంబరులోనే గోవా విమోచన. అంజిదీవ్ దీవి మీద దిగిన మన నావికుల్లో ఏడుగురు ప్రాణాలిచ్చారు. వారినీ మరవకూడదు.

1962లో పదవీ విరమణ చేశాక కటారి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ చైర్మన్‌గా, తర్వాత బర్మాలో రాయబారిగా పనిచేశాడు. 1983 జనవరిలో సికింద్రాబాద్‌లోనే కన్నుమూశాడు.

వరంగల్ పంతుళ్లకు ఒక మనవి: పిల్లలకు మోటుపల్లి శాసనం చెప్పే రోజున కటారి పేరు కూడా బోర్డు మీద రాయండి.