ఆయారాం గయారాం అని ఎవర్ని వెక్కిరిస్తున్నాం? (మన రాజకీయ చరిత్ర – 7)



పోయిన వారం హాస్టల్లో స్టడీ సర్కిల్ అయిపోయాక ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "అన్నా, ఎన్ని పుస్తకాలు చదివినా, ఎన్ని మీటింగులు పెట్టినా చివరికి గెలిచినోడు కండువా మార్చేస్తాడు. మనోళ్లే ముందు అమ్ముడుపోతారు. ఇంక ఎందుకన్నా ఇదంతా?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఇదే మాట అన్నాను. అదీ మా చిన్నమ్మ మొహం మీద.

మా మండలంలో ఎంపీపీ ఎన్నిక. ఏ పార్టీకీ పూర్తి బలం లేదు. మా పల్లె నుంచి రిజర్వుడు సీట్లో గెలిచిన చిన్నమ్మను ఒక రాత్రి కారు ఎక్కించి క్యాంపుకు తీసుకెళ్లారు. పది రోజుల తర్వాత తిరిగొచ్చి, తనను నిలబెట్టిన పార్టీకి కాకుండా అవతలి వాళ్లకు చెయ్యెత్తింది. పల్లె అంతా నవ్వింది. నేను కాలేజీ కుర్రాణ్ని, గట్టిగా అడిగాను, "ఎంతకు అమ్ముకున్నావు?" అని. ఆమె ఒక్కటే మాట అంది. "రేపట్నుంచి నాకు కూలికి నువ్వు పిలుస్తావారా?" ఆమెను కారు ఎక్కించినాయన పొలంలోనే ఆమె ఏడాది పొడుగునా కూలి చేసేది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ అడిగాను.

ఆ మాట నన్ను చరిత్ర చదివేలా చేసింది. ఈ భాగంలో ఆ చరిత్రే చెబుతా.

మనం "జంప్ జిలానీ" అంటాం. హిందీవాళ్లు "ఆయారాం గయారాం" అంటారు. ఆ మాట ఎక్కడ పుట్టింది? 1967లో హర్యానాలో. కొత్త రాష్ట్రం, మొదటి ఎన్నికలు, 81 సీట్లు. కాంగ్రెస్‌కు 48 వచ్చాయి. మార్చి 10న భగవత్ దయాళ్ శర్మ ముఖ్యమంత్రి అయ్యాడు. రెండు వారాలు తిరక్కుండానే ఆ ప్రభుత్వం కూలింది. కాంగ్రెస్ నుంచి బయటికొచ్చిన రావ్ బీరేందర్ సింగ్, ప్రతిపక్షాలనూ స్వతంత్రులనూ కూడగట్టి సంయుక్త కూటమి కట్టి, మార్చి 24న ముఖ్యమంత్రి అయ్యాడు.

ఆ గందరగోళంలో హసన్‌పూర్ ఎమ్మెల్యే గయాలాల్ పదిహేను రోజుల్లో మూడుసార్లు అటూ ఇటూ మారాడు. ఆయన కూటమిలోకి తిరిగొచ్చినప్పుడు రావ్ బీరేందర్ సింగే ఆయన్ని పత్రికల వాళ్ల ముందు నిలబెట్టి, గయారాం ఇప్పుడు ఆయారాం అయ్యాడని ప్రకటించాడు. అది దేశమంతా సామెత అయి కూర్చుంది.

ఇప్పుడు మన పాఠ్యపుస్తకాలు చెప్పని సంగతి చూడండి. హసన్‌పూర్ ఎస్సీ రిజర్వుడు సీటు. గయాలాల్ దళితుడు. రావ్ బీరేందర్ సింగ్ రేవాడి రాజకుటుంబం మనిషి. ఆయనా పార్టీ మారినవాడే. మారి ముఖ్యమంత్రి అయ్యాడు. కాంగ్రెస్ నుంచి మారిన మిగతా పెద్ద మనుషులూ ఉన్నారు. కానీ సామెత ఎవరి పేరు మీద పడింది? అందరూ గోడ దూకిన చోట, అచ్చంగా ఒక దళితుడి పేరే దూకుడికి గుర్తయింది.

గయాలాల్ చేసింది ఒప్పని నేననను. వెక్కిరింపు ఎటు పారుతుందో గమనించమంటున్నాను. లాగినవాడు నాయకుడైతే, లాగబడినవాడు నవ్వులపాలయ్యాడు.

ఇక్కణ్నుంచి ఉత్తరప్రదేశ్‌కు వెళ్దాం. ఎందుకంటే మన సొంత పార్టీ సంకీర్ణంలో చేరితే ఏమవుతుందో అక్కడ చూసినంత దగ్గరగా ఇంకెక్కడా చూడలేం.

ముందు కాన్షీరాం గారి ఆలోచన ఒకటి గుర్తు చేసుకుందాం. 1982 సెప్టెంబర్ 24న, పూనా ఒప్పందానికి 50 ఏళ్లు నిండిన రోజున, ఆయన 'చంచా యుగం' పుస్తకం తెచ్చారు. దాని సారం మీకు తెలుసు. ఉమ్మడి నియోజకవర్గంలో దళిత అభ్యర్థి దళితేతరుల ఓట్లతో గెలవాలి. కాబట్టి పెద్ద పార్టీలు తమకు పనికొచ్చే దళితుడినే ఎంచుకుంటాయి. అతను వాళ్ల చేతిలో చెంచా అవుతాడు. దీనికి మందు ఏమిటి? మన ఓటుతో, మన డబ్బుతో, మన కేడర్‌తో నడిచే సొంత పార్టీ. 1984లో బీఎస్పీ అలా పుట్టింది.

1993లో ఎస్పీ, బీఎస్పీ కలిసి పోటీ చేశాయి. బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత జరిగిన ఎన్నికలవి. బీజేపీకి 177, ఎస్పీకి 109, బీఎస్పీకి 67 సీట్లు. డిసెంబర్‌లో ములాయం సింగ్ ముఖ్యమంత్రి అయ్యాడు. దళితులు, బీసీలు, ముస్లింలు ఒక్కటైతే ఏమవుతుందో దేశం చూసింది. ఆ గాలి మన దాకా వచ్చింది. 1994 అసెంబ్లీ ఎన్నికలప్పుడు నేను ఇంటర్ చదువుతున్నా. మా పల్లె గోడల నిండా నీలం రంగుతో ఏనుగు బొమ్మలు వేశాం. మన రాష్ట్రంలో ఒక్క సీటూ రాలేదు. అయినా లక్నో వైపు చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లం.

ఆ ధైర్యం ఏడాదిన్నర నిలిచింది. 1995 జూన్ 1న బీఎస్పీ మద్దతు ఉపసంహరించుకుంది. మర్నాడు లక్నో ప్రభుత్వ అతిథి గృహంలో మాయావతి గారు తన ఎమ్మెల్యేలతో ఉండగా ఎస్పీ మూకలు చుట్టుముట్టాయి. ఆమె గది తలుపులు బిగించుకుని గంటల తరబడి ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. దీన్ని మనం ఎక్కువగా ఒక దళిత మహిళ మీద దాడిగానే చెప్పుకుంటాం. అది నిజం. దాంతోపాటు ఒక లెక్క కూడా ఉంది.

ఆ లెక్క 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టంలో ఉంది. 52వ రాజ్యాంగ సవరణ ప్రకారం ఒక్క ఎమ్మెల్యే పార్టీ మారితే సభ్యత్వం పోతుంది. మూడో వంతు మంది కలిసి పోతే మాత్రం దాన్ని "చీలిక" అంటారు, ఎవరి సభ్యత్వమూ పోదు. బీఎస్పీకి 67 మంది. మూడో వంతు అంటే 23. అంటే బీఎస్పీ ఓటరు ఇచ్చిన తీర్పును తిరగరాయడానికి 23 మంది చాలు. అదే 177 మంది ఉన్న పార్టీని చీల్చాలంటే 59 మంది కావాలి. చట్టం అందరికీ ఒకటే. కానీ చిన్న గోడను దూకించడం తేలిక.

జూన్ 3న బీజేపీ బయటి మద్దతుతో మాయావతి గారు ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఆ కుర్చీ ఎక్కిన మొదటి దళిత మహిళ. అక్టోబర్‌లో బీజేపీ మద్దతు తీసేసింది.

1996లో మళ్లీ ఎన్నికలు. బీఎస్పీకి మళ్లీ 67. ఎవరికీ మెజారిటీ లేదు. 1997 మార్చిలో బీజేపీతో ఆరు నెలలకొకరు చొప్పున ఒప్పందం. మాయావతి గారి ఆరు నెలలు అయ్యాయి, సెప్టెంబర్‌లో కల్యాణ్ సింగ్ వచ్చాడు. అక్టోబర్ 19న బీఎస్పీ మద్దతు తీసేసింది. రెండు రోజుల్లో, అక్టోబర్ 21న బలపరీక్ష. సభలో మైకులు పీకి విసురుకున్నారు. ఆ రోజు 12 మంది బీఎస్పీ ఎమ్మెల్యేలు విప్‌ను కాదని కల్యాణ్ సింగ్‌కు ఓటేశారు. కాంగ్రెస్ కూడా చీలింది. తర్వాత ఏర్పడిన మంత్రివర్గంలో 93 మంది. 12 అంటే మూడో వంతు కాదు కదా అని మీరు అడుగుతారు. తమ వెనుక ఇంకా మంది ఉన్నారని వాళ్ల వాదన. బీజేపీకి చెందిన స్పీకర్ కేశరీనాథ్ త్రిపాఠి దాన్ని ఒప్పుకున్నాడు. 1998లో సుప్రీంకోర్టులో ముగ్గురు జడ్జీలు మూడు రకాలుగా తీర్పు రాశారు. సీట్లు సీట్లుగానే ఉండిపోయాయి.

2002లో బీఎస్పీకి 98 సీట్లు. మే 3న మళ్లీ బీజేపీతో ప్రభుత్వం. 2003 ఆగస్టులో అది కూలింది. ఆగస్టు 27న 13 మంది బీఎస్పీ ఎమ్మెల్యేలు గవర్నర్ దగ్గరికి పోయి ములాయంను పిలవమని ఉత్తరం ఇచ్చారు. 29న ములాయం ముఖ్యమంత్రి. అప్పటికి సభలో బీఎస్పీ బలం 109, మూడో వంతు 37. సెప్టెంబర్ 6న 37 మంది పేర్లతో స్పీకర్ ముందు అర్జీ పడింది. ఆ రోజే చీలిక ఆమోదం, ఆ రోజే ఎస్పీలో విలీనం. 13 మందిని అనర్హుల్ని చేయమని బీఎస్పీ అంతకు ముందే ఇచ్చిన ఫిర్యాదు మాత్రం రెండేళ్లు నానింది. చివరికి 2007 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు ఆ 13 మందీ అనర్హులేనని తేల్చింది. అప్పటికి ఎన్నికలు రెండు నెలల దూరంలో ఉన్నాయి. మూడున్నరేళ్లు అనుభవించాల్సిందంతా అనుభవించాక పడిన శిక్ష అది.

కాన్షీరాం గారి ఇంకో మాట కూడా ఇక్కడే పరీక్షకు నిలబడింది. బలమైన సర్కారు కాదు, మన మాట వినక తప్పని నిస్సహాయ సర్కారు మనకు కావాలనేవారు ఆయన. ప్రభుత్వం కూలిన ప్రతిసారీ మన బేరం పెరుగుతుందని ఆయన లెక్క. అది చాలావరకు నిజమైంది. 67 సీట్ల పార్టీ ముఖ్యమంత్రి కుర్చీ ఎక్కింది. కానీ అదే అస్థిరత మన ఎమ్మెల్యే ధరను కూడా పెంచింది. ఎన్నికలకు ముందు చెంచాను తయారు చేసుకునే పని తప్పింది. మన ఓటుతో గెలిచినవాణ్నే ఎన్నికల తర్వాత పట్టుకోవచ్చు. పూనా ఒప్పందం ఓటుకు ముందు చేసిన పనిని, ఫిరాయింపు ఓటు తర్వాత చేసింది.

మన తప్పు లేదా? ఉంది. గెలుపు గుర్రాలని చెప్పి, ఉద్యమంతో సంబంధం లేనివాళ్లకు టికెట్లు ఇచ్చిన చోట నిష్ఠ ఎక్కణ్నుంచి వస్తుంది? దీనికి తెలంగాణనే చూడండి. 2014లో ఏనుగు గుర్తు మీద ఇద్దరు గెలిచారు, నిర్మల్‌లో ఇంద్రకరణ్ రెడ్డి, సిర్పూర్‌లో కోనేరు కోనప్ప. ఇద్దరూ టీఆర్ఎస్‌లోకి పోయారు. 91వ సవరణ మూడో వంతు చీలికను ఎత్తేసింది, మూడింట రెండు వంతుల విలీనాన్ని మాత్రం ఉంచింది. ఇద్దరే ఉన్న పార్టీలో ఇద్దరూ పోతే అడిగేదెవరు? రాజస్థాన్‌లో 2018లో గెలిచిన ఆరుగురూ మరుసటి ఏడాది కాంగ్రెస్‌లో విలీనమయ్యారు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వస్తా. "మనోళ్లే అమ్ముడుపోతారు" అన్నాడు. మనోళ్లంటే ఎవరు? 1993లో బీఎస్పీకి వచ్చిన ఓట్లు దాదాపు 11 శాతం. 1996లో దాదాపు 20. 2002లో 23. 2007లో 30 దాటింది, సీట్లు 206. పోటీ చేసిన సీట్లు పెరగడం, కొత్త కులాలను కలుపుకోవడం కూడా కారణాలే. కానీ ఒకటి గమనించండి. పార్టీని చీల్చిన ప్రతిసారీ తర్వాతి ఎన్నికల్లో దాని ఓటు పెరిగింది. ఎమ్మెల్యే అటు పోతే, ఓటు వెంట పోలేదు. కూలికి పోయే అమ్మ, రిక్షా తొక్కే తాత, దెబ్బలు తిని లైన్లో నిలబడినవాళ్లు గోడ దూకలేదు. సామెత కట్టినవాళ్లు వాళ్లను లెక్కలోకి తీసుకోలేదు.

2007 తర్వాత ఆ ఓటు కూడా ఎందుకు జారిపోయింది, 2022 నాటికి ఒక్క సీటు దగ్గరికి ఎందుకు వచ్చింది అన్నది వచ్చే భాగంలో మాట్లాడుకుందాం. అక్కడ చట్టాన్నీ స్పీకర్‌నీ అని లాభం లేదు, మనల్ని మనమే అడుక్కోవాలి.

తమ్ముడికి నేను చెప్పింది ఇదే. ఈసారి ఎవరైనా కండువా మారిస్తే రెండు ప్రశ్నలు వెయ్యి. లాగింది ఎవరు? వాడికి టికెట్ ఇచ్చేముందు మనం ఏం చూశాం? ఈ రెండూ అడక్కుండా నవ్వకు.

చిన్నమ్మ ఇప్పుడు లేదు. ఆ రోజు నేను అన్న మాటకు ఆమెను క్షమాపణ అడగలేకపోయాను.

జై భీమ్.