విశ్రాంతిదినము, ఆదివారము: ఆగమమా? ఆదేశమా?

హీబ్రూ వేదమునందలి పదియాజ్ఞలలో నేడవనాఁటి విశ్రాంతిని విధించు నాజ్ఞ యొకటి. గణనభేదముచే దీనిని గొందఱు నాలవదిగను గొందఱు మూఁడవదిగను లెక్కింతురు. పదియాజ్ఞలను క్రైస్తవులును బ్రమాణముగాఁ గైకొన్నవారే. అయినను వారిలోఁ బెక్కురు సామూహికారాధనము సలుపునది యేడవదినమైన శనివారమునఁ గాదు, మొదటిదినమైన యాదివారమున. ఈ భేద మెట్లు గలిగెను? రోమక చక్రవర్తి కాన్‌స్టంటైను శాసనముచే దినము మాఱెనని కొందఱందురు. అపొస్తలులే విశ్రాంతిని శనివారమునుండి యాదివారమునకు మార్చిరని మఱికొందఱందురు. ఈ రెండు వాదములును లభించిన సాక్ష్యములకుఁ జాలవు. మార్పు జరిగిన క్రమమును నిరూపించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

ముందుగా విధివాక్యమును విచారింతము. 'షబ్బాత్' అను హీబ్రూపదమునకు మూలమైన ధాతువునకు 'విరమించుట' యని యర్థము. అలసట తీర్చుకొనుట దీనికి ముఖ్యార్థము గాదు, ఉపరతియే ముఖ్యార్థము. హీబ్రూలోఁ దక్కిన దినములకు మొదటిది, రెండవది యను సంఖ్యలే గాని పేరులు లేవు. పేరు గలది యేడవదినమొక్కటే. దినము సూర్యాస్తమయముతో నారంభమై మరుసటి సూర్యాస్తమయముతో ముగియును. యజమానుఁడు మాత్రమే గాక పుత్రులు, దాసదాసీజనము, పశువులు, ఇంట నున్న పరదేశి యందఱును నాఁడు పని మానవలెను. నిర్గమకాండము 34వ అధ్యాయము దుక్కికాలమునందును గోఁతకాలమునందును సైతము విరమింపవలసినదే యని నియమించుచున్నది. క్రీ. శ. 200 ప్రాంతమున సంకలితమైన మిష్నా నిషిద్ధకర్మములను 39గా లెక్కించినది.

ఈ విధికి హేతువులు రెండు చెప్పఁబడినవి. నిర్గమకాండము 20వ అధ్యాయమున, దేవుఁ డాఱుదినములలో సృష్టి ముగించి యేడవనాఁడు విరమించెను గావున మనుష్యులును విరమింపవలెనని కలదు. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయమున, ఐగుప్తుదేశమున దాస్యము ననుభవించి విముక్తుల రైతిరి గావున మీ దాసులకును విశ్రాంతి నిండని కలదు. మొదటి హేతువు ఏడవ సంఖ్య నాశ్రయించినది. రెండవది యట్టిది గాదు. ఈ భేద మావల నుపకరించును గావునఁ జదువరులు దీనిని మనసున నుంచుకొందురు గాక.

వ్యాకరణమున నాగమము మిత్రునివలెఁ బ్రక్కనఁ జేరుననియు, ఆదేశము శత్రువువలె నున్నదానిని దొలఁగించి యా స్థానమునఁ గూర్చుండుననియు మన పాఠశాలలలోఁ జెప్పుదురు. ఆదివారము విశ్రాంతిదినమునకు మొదట నాగమమై, పిదప మూలమునకు లోపము గలుగఁగా, కడపట నాదేశముగా భావింపఁబడినది. చరిత్రక్రమ మిదియే.

ఆగమదశకు సాక్ష్యములు క్రొత్తనిబంధనముననే కలవు. యేసు వాడుక చొప్పున విశ్రాంతిదినమున సమాజమందిరమునకుఁ బోయెనని లూకా 4వ అధ్యాయము చెప్పుచున్నది. పరిసయ్యులతో నాయనకుఁ గలిగిన వివాదము విశ్రాంతి నెట్లాచరింపవలెనను విషయమునఁ గాని, యేనాఁ డాచరింపవలెనను విషయమునఁ గాదు. యేసు పునరుత్థానము మొదటిదినమున జరిగినదని సువార్తలు చెప్పును. శిష్యు లా దినమున రొట్టె విఱుచుటకుఁ గూడిరని అపొస్తలుల కార్యముల 20వ అధ్యాయమున నున్నది. ధర్మద్రవ్య మా దినమునఁ దీసియుంచుఁడని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 16వ అధ్యాయమున నున్నది. కాని యేడవనాఁటి విశ్రాంతి మొదటినాఁటికి సంక్రమించెనని చెప్పు వాక్య మెందును లేదు. దినములను విశేషముగా నెంచుట యెవరి మనసునకుఁ దోఁచినట్లు వారు చేయవలసినదని రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయమునఁ గల తాత్పర్యము.

ఇచట శబ్దవిచార మొకటి చేయవలసియున్నది. గ్రీకుమూలమున నీ తావులందున్న మాట సప్తాహమున మొదటిదినమను నర్థ మిచ్చును; ఆ సప్తాహమునకు వాడిన పదము 'సబ్బత' శబ్దమే. అనఁగా మొదటిదినము విశ్రాంతిదినము నవధిగాఁ జేసికొని లెక్కింపఁబడినది. తెలుఁగు బైబిలు దీనిని 'ఆదివారము' అని తెలిపినది. అర్థమునకు లోపము లేదు గాని, ఆదిత్యవారమునుండి పుట్టిన యీ గ్రహసంబంధమైన పేరు వినఁబడఁగానే మూలమునందలి సంఖ్యాసంబంధము మఱుఁగుపడుచున్నది.

క్రీ. శ. 155 ప్రాంతమున రోమునగరమందు జస్టిను తన ప్రథమ సమర్థనగ్రంథమున, క్రైస్తవులు సూర్యదినమునఁ గూడి గ్రంథపఠనము, ప్రార్థన, రొట్టెద్రాక్షారసముల సేవనము చేయుదురని వర్ణించెను. ఆయన చెప్పిన హేతువులు రెండు: సృష్టికి మొదలైన దినమగుట, యేసు లేచిన దినమగుట. విశ్రాంతివిధి నాయన హేతువుగాఁ జెప్పలేదు. కాన్‌స్టంటైను శాసనమునకు నూటయఱువది యేండ్లకుఁ బూర్వమే యాదివారసభ యున్నదనుట కిది చాలును. క్రీ. శ. 70లో యెరూషలేము దేవాలయము నాశమగుటయు, 132 మొదలు 135 దాఁక జరిగిన యూదుల తిరుగుబాటు విఫలమగుటయు నీ రెండు సమాజములకు నెడము పెంచినవి. అయినను పురాతనాచార మొక్కమాఱు తొలఁగలేదు. అయిదవ శతాబ్దమునఁ జరిత్ర వ్రాసిన సోక్రటీసు, రోము, అలెగ్జాండ్రియా తప్పఁ దక్కిన సంఘములు పెక్కు శనివారమునను బ్రభుసంస్కార మాచరించుచుండెనని చెప్పినాఁడు. ఇథియోపియాలో జర యాకోబు రాజు కాలమున 1450లో జరిగిన సభ రెండు దినములను నాచరింపవలెనని నిర్ణయించినది. ఇది యాగమమున కుత్తమోదాహరణము.

ఇఁకఁ గాన్‌స్టంటైను శాసనము. క్రీ. శ. 321 మార్చి 7వ తేదిని వెలువడిన యీ శాసనము న్యాయాధిపతులును, నగరవాసులును, వృత్తిపనివారును సూర్యదినమున విరమింపవలెనని విధించి, కృషీవలులకు మినహాయింపు నిచ్చినది. మోషే ధర్మశాస్త్రము కోఁతకాలమున సైతము విరమింపుమనఁగా, నీ శాసనము సేద్యమును విడిచిపెట్టినది. మోషే యాజ్ఞ దీనియందుఁ బేర్కొనఁబడనేలేదు. కావునఁ జక్రవర్తి సభాదినమును సృష్టింపలేదు; అంతకుముందే యున్న సభాదినమునకుఁ బని మానుట యను ధర్మమును రాజశాసనముచేఁ జేర్చెను.

నాలవ శతాబ్దపు రెండవ యర్ధమున లవొదికయ సభ తన 29వ నియమమునఁ గ్రైస్తవులు యూదులవలె శనివారమున విరమింపరాదనియు, నాఁడు పని చేయవలెననియు, ఆదివారమును మన్నించి శక్యమైనచో విరమింపవలెననియు శాసించెను. ప్రాప్తి యున్నఁగాని నిషేధమునకుఁ బ్రసక్తి లేదు. శనివారమున విరమించు క్రైస్తవు లప్పటికి నుండిరనుటకు నిషేధమే సాక్షి. లోపదశ యిది.

లోపించిన స్థాని గుఱుతులు భాషలలో నిలిచియున్నవి. గ్రీకులకు సోమవారము నేఁటికిని 'రెండవది', శనివారము సబ్బతమే, ఆదివారము 'ప్రభుసంబంధమైనది'. స్పానిషున 'సాబదొ', ఇటాలియనున 'సాబతొ' శనివారమునకుఁ బేరులు. రష్యనున శనివారము 'సుబ్బోత'. ఆ భాషలో నాదివారమునకుఁ బూర్వ మున్న 'నెదేల్య' యను పేరునకుఁ 'బని లేనిది' యని యర్థము. అనఁగా నచట విశ్రాంతిశబ్దము శనివారమునను, విశ్రాంత్యర్థ మాదివారమునను నిలిచినవి.

కడపటి దశ యాదేశము. పదుమూఁడవ శతాబ్దమున థామస్ అక్వినాసు, ఆదివారాచరణము ధర్మశాస్త్రవిధిచేతఁ గాక సంఘనియమముచేతను, క్రైస్తవజనాచారముచేతను సిద్ధించినదని స్పష్టముగాఁ జెప్పెను. 1530 నాఁటి ఆగ్జ్‌బర్గు విశ్వాసప్రకటనమును నాదివారము సుక్రమమునకై యేర్పడినదే గాని రక్షణకు నావశ్యకమైన విధి గాదన్నది. 1646లో సిద్ధమైన వెస్ట్‌మినిస్టరు విశ్వాసప్రకటన మందులకు భిన్నముగా, క్రీస్తు పునరుత్థానమునుండి విశ్రాంతిదినము మొదటినాఁటికి మాఱెననియు, అదియే క్రైస్తవుల విశ్రాంతిదినమనియు నిర్ణయించెను. అప్పు డాదివారమునకు స్థానివద్భావము సిద్ధించి, పని, క్రీడ, వర్తకముల నిషేధములు దానికి వచ్చినవి. దీని కెదురుగాఁ బదునేడవ శతాబ్దమున నింగ్లాండులో సప్తమదినపు బాప్తిస్టులును, 1863లో నమెరికాలో సంఘముగా నేర్పడిన సప్తమదిన యద్వెంటిస్టులును మూలదినమునే యవలంబించిరి.

స్థానివద్భావ మల్విధియందుఁ బ్రవర్తింపదని పాణిని మతము. స్థానియొక్క వర్ణమునే యాశ్రయించిన కార్య మాదేశమునకు రాదు. నిర్గమకాండముననున్న హేతు వేడవదినమునే యాశ్రయించినది గావున మొదటినాఁటికి సంక్రమింపఁజాలదు. ద్వితీయోపదేశకాండముననున్న హేతువు, దాసునకును బశువునకును విశ్రాంతి నిచ్చుట, యే దినమునకైనను సంక్రమింపఁగలదు. ఆదివారవాదులకు వేదప్రమాణబల మెంత గలదో యంతయు నీ రెండవహేతువునందే కలదని నా యభిప్రాయము.

తెలుఁగునాట నాదివారసంఘములును శనివారసంఘములును నొకే బైబిలును జదువుచున్నవి. ఒకరు మఱియొకరిని చక్రవర్తి కట్టడకు లోఁబడినవారనుటయు, వారు వీరిని యూదాచారపరులని తేలికపఱచుటయుఁ గలదు. చరిత్ర యీ రెండు నిందలను సమర్థింపదు. శనివారపక్షమునకు విధివాక్యము బలము. ఆదివారపక్షమునకుఁ బురాతనాచారము బలము. ఆచారమును విధివాక్యమని చెప్పినపుడే చిక్కు పుట్టినది. రెండింటికిని దినభేద మున్నను, పనివానికి విరామ మీయవలెనను ధర్మమున భేదము లేదు. దినముకొఱకు వాదించు నుభయులును దమయొద్దఁ బని చేయువారి కా విరామము దక్కుచున్నదా యని ముందు విచారించుట యుక్తము.